విద్యుత్ యాక్చువేటర్ సంకేత క్రమాంకనం

విద్యుత్ యాక్చువేటర్ సంకేత క్రమాంకనం అనగా, నియంత్రణ గది నుండి వచ్చే విద్యుత్ సంకేతం విలువకూ, ఆ సంకేతాన్ని అందుకొని వాల్వు లేదా గేటు వాస్తవంగా తెరుచుకునే మేరకూ మధ్య సరైన సంబంధాన్ని ఏర్పరచి, కొలిచి, నిర్ధారించే ప్రక్రియ. సాధారణంగా 4 మిల్లీ ఆంపియర్ల సంకేతానికి వాల్వు పూర్తిగా మూసుకోవాలి, 20 మిల్లీ ఆంపియర్లకు పూర్తిగా తెరుచుకోవాలి, మధ్య విలువలకు అదే నిష్పత్తిలో తెరుచుకోవాలి. థర్మల్ విద్యుత్ కేంద్రాలు, మంచినీటి పథకాలు, చమురు శుద్ధి కర్మాగారాలు, నీటిపారుదల గేట్లు మొదలైన చోట్ల ఈ యాక్చువేటర్లను వాడతారు. ఈ వ్యాసంలో క్రమాంకన విధానంతో పాటు, దాని ప్రాధాన్యాన్ని తెలపడానికి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు నీరందించే కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలను ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

నిర్మాణం

విద్యుత్ యాక్చువేటర్‌లో ప్రధానంగా ఈ భాగాలు ఉంటాయి.

* మోటారు: ఎక్కువగా మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు.
* గేర్ పెట్టె: మోటారు వేగాన్ని తగ్గించి, తిప్పే బలాన్ని (టార్క్‌ను) పెంచుతుంది. సాధారణంగా వర్మ్ గేర్ ఉంటుంది.
* లిమిట్ స్విచ్‌లు: గేటు పూర్తిగా మూసుకున్నప్పుడు, పూర్తిగా తెరుచుకున్నప్పుడు మోటారును ఆపుతాయి.
* టార్క్ స్విచ్‌లు: గేటుకు ఏదైనా అడ్డుపడి బలం హద్దు మీరినప్పుడు మోటారును ఆపుతాయి.
* స్థాన సంవేదకం: గేటు ఎంత మేరకు తెరుచుకుందో తెలుపుతుంది. పాత నమూనాలలో పొటెన్షియోమీటరు, కొత్తవాటిలో ఎన్‌కోడరు ఉంటాయి.
* పొజిషనర్: వచ్చిన సంకేతాన్ని సంవేదకం చూపే స్థానంతో పోల్చి, తేడా ఉంటే మోటారును ఏ దిశలో తిప్పాలో నిర్ణయిస్తుంది.
* చేతిచక్రం: విద్యుత్తు లేనప్పుడు చేత్తో తిప్పడానికి ఉపయోగపడుతుంది.

కదలికను బట్టి యాక్చువేటర్లు మూడు రకాలు. అనేక చుట్లు తిరిగేవి గేట్లకు, గేటు వాల్వులకు వాడతారు. పావు చుట్టు తిరిగేవి బంతి వాల్వులకు, సీతాకోకచిలుక వాల్వులకు వాడతారు. మూడవ రకం నేరుగా ముందుకు, వెనుకకు కదిలేవి.

చరిత్ర

వాల్వులను మోటారుతో తిప్పే యంత్రాలు 20వ శతాబ్దం తొలి భాగంలో అమెరికాలో ప్రచారంలోకి వచ్చాయి. వీటిలో లిమిటార్క్ పేరు ప్రసిద్ధమైనది. ఇంగ్లండులో జెరెమీ ఫ్రై 1957లో రోటార్క్ సంస్థను స్థాపించాడు. జర్మనీలో 1964లో ఔమా సంస్థ ఏర్పడింది.

మొదట్లో ఈ యంత్రాలు తెరువు, మూయి అనే రెండు ఆజ్ఞలను మాత్రమే పాటించేవి. ఆ కాలంలో సూక్ష్మ నియంత్రణకు చాలావరకు గాలి పీడనంతో పనిచేసే పరికరాలను వాడేవారు. వాటికి చదరపు అంగుళానికి 3 నుండి 15 పౌండ్ల పీడనం ప్రామాణిక సంకేతం. ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చిన తరువాత ఆ స్థానాన్ని 4-20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్ సంకేతం ఆక్రమించింది. రెండు సంకేతాలలోనూ కనిష్ఠ విలువ గరిష్ఠ విలువలో అయిదవ వంతు ఉండటం గమనించదగినది.

సంకేత స్వరూపం

4-20 మిల్లీ ఆంపియర్ల పద్ధతిలో సున్నా శాతానికి 4 మిల్లీ ఆంపియర్లు ఉండటం వలన ఒక ముఖ్యమైన ప్రయోజనం ఉంది. తీగ తెగిపోతే విద్యుత్ ప్రవాహం సున్నా అవుతుంది. కాబట్టి "గేటు మూయి" అనే ఆజ్ఞకూ, "తీగ తెగింది" అనే స్థితికీ తేడా వెంటనే తెలుస్తుంది. దీనిని సజీవ శూన్యం అని చెప్పవచ్చు. 0-20 మిల్లీ ఆంపియర్లు, 0-10 వోల్టుల సంకేతాలలో ఈ సౌకర్యం లేదు.

సంకేతానికీ, తెరుచుకునే శాతానికీ సంబంధం ఇది:

సంకేతం (మిల్లీ ఆంపియర్లు) = 4 + (16 × శాతం ÷ 100)

దీని ప్రకారం 25 శాతానికి 8, 50 శాతానికి 12, 75 శాతానికి 16 మిల్లీ ఆంపియర్లు ఉండాలి. పొజిషనర్ లోపలి నిరోధం 250 ఓములైతే దాని కొనల మధ్య 1 నుండి 5 వోల్టులు కనబడతాయి. 12 మిల్లీ ఆంపియర్ల వద్ద 3 వోల్టులు ఉండాలి. ప్రవాహాన్ని సంకేతంగా వాడటం వలన పొడవైన తీగలలో కలిగే వోల్టేజి నష్టం కొలతను మార్చదు. అయితే ఆ నష్టాన్ని భరించగల వోల్టేజి సరఫరా వైపు ఉండాలి. సాధారణంగా ఇది 24 వోల్టుల ఏకముఖ విద్యుత్తు.

ప్రాధాన్యం - కృష్ణా పశ్చిమ డెల్టా ఉదాహరణ

విజయవాడ వద్ద కృష్ణా నదిపై 1852-55 మధ్య ఆనకట్ట నిర్మించారు. దానికి బదులుగా కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. బ్యారేజి నుండి తూర్పు, పశ్చిమ డెల్టాలలో కలిపి సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టుకు నీరందుతుంది. పశ్చిమ ప్రధాన కాలువ సీతానగరం వైపు నుండి బయలుదేరి, దుగ్గిరాల వద్ద శాఖలుగా చీలుతుంది. తెనాలి పట్టణం మధ్యగా మూడు కాలువలు ప్రవహిస్తున్నాయి. రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల ప్రాంతాల భూములు సముద్ర తీరానికి దగ్గరగా, కాలువల చివరన ఉన్నాయి. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీరు కూడా ప్రకాశం బ్యారేజి ఎగువకు చేరుతోంది.

డెల్టా కాలువలపై తూముల షట్టర్లను మరచక్రం తిప్పి చేత్తో ఎత్తడం తరతరాలుగా వస్తున్న పద్ధతి. ఈ పని చేసేవారిని లస్కర్లు అంటారు. లస్కరు గేటును కళ్ళతో చూస్తూ, గేజి పలకపై నీటి మట్టం చూసుకుంటూ ఎత్తుతాడు కాబట్టి, అక్కడ సంకేతం అనే ప్రశ్న రాదు. గేటుకు మోటారు బిగించి దూరం నుండి నడిపినప్పుడు మాత్రం, గేటు ఎంత తెరుచుకుందో నిర్ణయించేది తీగలో వచ్చే సంకేతమే. ఆ సంకేతం తప్పితే నీటి పంపకమే తప్పుతుంది.

ఇందుకు ఒక లెక్క చూడవచ్చు. ఒక తూము గేటు వెడల్పు 2 మీటర్లు, పూర్తిగా ఎత్తితే 1600 మిల్లీ మీటర్లు లేస్తుందనుకుందాం. అప్పుడు 1 మిల్లీ ఆంపియరుకు 100 మిల్లీ మీటర్ల కదలిక వస్తుంది. సంకేతంలో 0.2 మిల్లీ ఆంపియర్ల తేడా, అంటే మొత్తం పరిధిలో 1.25 శాతం ఉంటే, గేటు 20 మిల్లీ మీటర్లు ఎక్కువగా లేదా తక్కువగా తెరుచుకుంటుంది. గేటుకు ఇరువైపులా నీటి మట్టాల తేడా 1 మీటరు, ప్రవాహ గుణకం 0.6 అయితే:

* నీటి వేగం = √(2 × 9.81 × 1) = సెకనుకు 4.43 మీటర్లు
* తేడా ప్రవాహం = 0.6 × 2 × 0.02 × 4.43 = సెకనుకు సుమారు 0.106 ఘనపు మీటర్లు, అనగా 3.75 క్యూసెక్కులు
* ఒక రోజుకు = సుమారు 9,200 ఘనపు మీటర్లు

ఈ నీరు సుమారు 45 ఎకరాల వరి పొలంలో 5 సెంటీ మీటర్ల లోతున నిలబెట్టడానికి సరిపోతుంది. ఎగువ తూము వద్ద గేటు ఈ మేరకు ఎక్కువగా తెరుచుకుంటే, ఆ నీరు శివారు భూములకు చేరదు. తీరప్రాంతంలో భూగర్భ జలం అనేక చోట్ల ఉప్పగా ఉంటుంది కాబట్టి, కాలువ నీటికి బదులుగా బోరు నీరు వాడుకోవడం అక్కడి రైతుకు సులభం కాదు. బాపట్లలో లవణ భూములు, ఉప్పునీటి వినియోగంపై వ్యవసాయ పరిశోధన కేంద్రం పనిచేయడానికి ఈ పరిస్థితే నేపథ్యం.

క్రమాంకనానికి ముందు

గేటును పూర్తిగా మూసి, తెరిచి చూడవలసి ఉంటుంది కాబట్టి, కాలువలు కట్టివేసిన వేసవి కాలం ఈ పనికి అనువైనది. పనికి ముందు ఈ జాగ్రత్తలు అవసరం.

1. గేటు వద్ద, కాలువ లోపల మనుషులు, పశువులు లేరని నిర్ధారించుకోవాలి.
2. పెట్టె మూత తీసే ముందు విద్యుత్తు ఆపి, మరొకరు తిరిగి వేయకుండా స్విచ్‌కు తాళం వేయాలి.
3. నియంత్రణ గదికి తెలిపి, యాక్చువేటర్‌ను స్థానిక నియంత్రణకు మార్చాలి.
4. చేతిచక్రంతో గేటును సగం ఎత్తుకు తేవాలి. ఆ తరువాత మాత్రమే మోటారును క్షణకాలం నడిపి దిశను పరీక్షించాలి.

నాలుగవ జాగ్రత్త చాలా ముఖ్యమైనది. మూడు ఫేజులలో రెండు తారుమారైతే మోటారు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. అప్పుడు మూసే ఆజ్ఞకు గేటు పైకి లేస్తుంది. మూసే వైపు లిమిట్ స్విచ్ తగలదు కాబట్టి యంత్రం ఆగదు, మర వంగడమో గేర్ విరగడమో జరగవచ్చు. గేటు సగంలో ఉంటే తప్పును గ్రహించి ఆపడానికి వ్యవధి దొరుకుతుంది. అనేక కొత్త నమూనాలలో ఫేజుల క్రమాన్ని యంత్రమే సరిచేసుకొనే ఏర్పాటు ఉంది.

కావలసిన పరికరాలు

* మిల్లీ ఆంపియర్లను పుట్టించే, కొలిచే లూప్ కాలిబ్రేటర్. దీని ఖచ్చితత్వం పరీక్షించే పరికరం కన్నా కనీసం నాలుగు రెట్లు మెరుగ్గా ఉండాలనేది వాడుకలో ఉన్న నియమం.
* మల్టీమీటరు. ప్రవాహాన్ని కొలిచేటప్పుడు దీనిని తీగకు వరుసలో కలపాలి.
* గేటు ఎత్తును నేరుగా కొలవడానికి ఉక్కు టేపు లేదా గేటుకు బిగించిన కొలబద్ద.
* తయారీదారు ఇచ్చిన పుస్తకం, పాత క్రమాంకన పత్రం.

విధానం

క్రమాంకనంలో వరుస తప్పకూడదు. యాంత్రిక హద్దులు నిర్ణయించకుండా సంకేతాన్ని సరిచేస్తే, తరువాత హద్దులు మార్చినప్పుడు చేసిన పనంతా వృథా అవుతుంది.

1. మూసే హద్దు: చేతిచక్రంతో గేటును పూర్తిగా మూసి, లిమిట్ స్విచ్‌ను ఆ స్థానానికి అమర్చాలి. గట్టిగా బిగిసి మూసుకోవలసిన వాల్వులకు లిమిట్ స్విచ్‌కు బదులు టార్క్ స్విచ్‌తో ఆపుతారు.
2. తెరిచే హద్దు: గేటును పూర్తిగా ఎత్తి, రెండవ లిమిట్ స్విచ్‌ను అమర్చాలి.
3. టార్క్ హద్దులు: తయారీదారు చెప్పిన విలువకు అమర్చాలి. గేటు ఎత్తడం లేదని ఈ విలువను పెంచుకుంటూ పోవడం ప్రమాదకరం.
4. స్థాన సంవేదకం: మూసిన, తెరిచిన స్థానాలలో సంవేదకం విలువలను నమోదు చేయాలి.
5. శూన్యం: సంకేత తీగలను విప్పి, వాటి స్థానంలో కాలిబ్రేటర్‌ను కలిపి 4.00 మిల్లీ ఆంపియర్లు పంపాలి. గేటు మూసిన స్థానానికి వచ్చేలా శూన్యాన్ని సరిచేయాలి.
6. వ్యాప్తి: 20.00 మిల్లీ ఆంపియర్లు పంపి, గేటు పూర్తిగా తెరుచుకునేలా వ్యాప్తిని సరిచేయాలి.
7. పొటెన్షియోమీటరు మరలతో సరిచేసే పాత నమూనాలలో వ్యాప్తిని మారిస్తే శూన్యం కూడా కొంత కదులుతుంది. అందువలన 5, 6 అంచెలను రెండు మూడు సార్లు మళ్ళీ చేయాలి. మైక్రోప్రాసెసర్ ఉన్న నమూనాలలో సంకేతం పంపి, ఆ విలువను మెనూలో భద్రపరిస్తే సరిపోతుంది.
8. తిరుగు సంకేతం: గేటు స్థానాన్ని నియంత్రణ గదికి తెలిపే 4-20 మిల్లీ ఆంపియర్ల సంకేతాన్ని విడిగా సరిచేయాలి.

కాలిబ్రేటర్‌కు రెండు పద్ధతులు ఉంటాయి: తానే విద్యుత్తును సరఫరా చేయడం, లేదా లూప్‌లో ఇప్పటికే ఉన్న విద్యుత్తును నియంత్రించడం. తీగలో 24 వోల్టులు ఉండగా మొదటి పద్ధతిలో కలిపితే తప్పు కొలతలు వస్తాయి, పరికరం పాడు కావచ్చు.

అయిదు బిందువుల పరీక్ష

శూన్యం, వ్యాప్తి సరిచేసిన తరువాత 0, 25, 50, 75, 100 శాతాల వద్ద, మొదట ఎక్కుతూ, తరువాత దిగుతూ గేటు ఎత్తును కొలవాలి. 1600 మిల్లీ మీటర్ల గేటుకు ఒక నమూనా పట్టిక ఇలా ఉంటుంది (ఎత్తులు మిల్లీ మీటర్లలో).

సంకేతం | ఉండవలసినది | ఎక్కేటప్పుడు | దిగేటప్పుడు
4 మిల్లీ ఆంపియర్లు | 0 | 0 | 0
8 మిల్లీ ఆంపియర్లు | 400 | 394 | 404
12 మిల్లీ ఆంపియర్లు | 800 | 793 | 805
16 మిల్లీ ఆంపియర్లు | 1200 | 1194 | 1206
20 మిల్లీ ఆంపియర్లు | 1600 | 1600 | 1600

ఈ పట్టికలో రెండు కొనలూ సరిగా ఉన్నాయి. మధ్యలో మాత్రం ఎక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ వస్తున్నది. గరిష్ఠ తేడా 12 మిల్లీ మీటర్లు, అనగా 0.75 శాతం. ఇక్కడ శూన్యాన్ని గానీ వ్యాప్తిని గానీ ముట్టుకోకూడదు. లోపం గేర్లు, మరల మధ్య వదులులో లేదా పొజిషనర్ నిష్క్రియ పట్టీలో ఉంది.

దోషాల రకాలు

* శూన్య దోషం: అన్ని బిందువుల వద్ద ఒకే తేడా ఉంటుంది. ఉదాహరణకు 20, 420, 820, 1220.
* వ్యాప్తి దోషం: తేడా సంకేతంతో పాటు పెరుగుతుంది. ఉదాహరణకు 0, 380, 760, 1140, 1520.
* రేఖీయత దోషం: కొనలు సరిగా ఉండి, మధ్యలో రెండు దిశలలోనూ ఒకే వైపుకు తేడా వస్తుంది.
* వెనుకబాటు: ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేర్వేరు విలువలు వస్తాయి.
* డోలనం: గేటు ఒకచోట నిలవక ముందుకు, వెనుకకు ఊగుతుంది.

సంకేతంలో చిన్న మార్పులకు మోటారు కదలకుండా ఉండే పరిధిని నిష్క్రియ పట్టీ అంటారు. దీనిని మరీ తగ్గిస్తే డోలనం కలిగి, మోటారు వేడెక్కుతుంది, కాంటాక్టర్లు అరిగిపోతాయి. మరీ పెంచితే గేటు స్థానంలో ఖచ్చితత్వం పోతుంది. అందుకే డోలనం ఆగేంత వరకే దీనిని పెంచుతారు.

సంకేతం తెగిపోయినప్పుడు

సంకేతం 4 మిల్లీ ఆంపియర్లకు బాగా దిగువకు పడిపోయినప్పుడు యాక్చువేటర్ ఏమి చేయాలో ముందే నిర్ణయించాలి. నామూర్ సంస్థ ఎన్ఈ 43 సిఫారసు ప్రకారం 3.6 మిల్లీ ఆంపియర్లు, అంతకు తక్కువ ఉంటే లోపంగా భావించాలి. 21 మిల్లీ ఆంపియర్లు, అంతకు ఎక్కువ ఉన్నా లోపమే. అటువంటి స్థితిలో మూడు మార్గాలు ఉన్నాయి: ఉన్నచోటే ఆగడం, మూసుకోవడం, తెరుచుకోవడం.

ఏది మంచిదన్నది స్థలాన్ని బట్టి ఉంటుంది. పంట కాలువ తూము హఠాత్తుగా మూసుకుంటే ఎగువన నీరు పెరిగి గట్టు తెగే ప్రమాదం ఉంది. తెరుచుకుంటే దిగువ పొలాలు మునుగుతాయి. కాబట్టి అక్కడ సాధారణంగా ఉన్నచోటే ఆగడం మేలు. బాయిలరుకు ఇంధనం అందించే వాల్వు మాత్రం మూసుకోవాలి. మోటారు తిరగడానికి విద్యుత్తు అవసరం కాబట్టి, సరఫరాయే ఆగిపోతే స్ప్రింగు లేదా బ్యాటరీ లేని యాక్చువేటర్ ఉన్నచోటే ఆగిపోతుంది. ఏ అమరిక చేసినా, క్రమాంకనం చివర తీగను విప్పి గేటు ఏమి చేస్తుందో చూడాలి.

తీరప్రాంత సమస్యలు

రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి, తేమ వలన తీగలు కలిపే చోట తుప్పు పడుతుంది. తుప్పు వలన పెరిగే నిరోధం, సరఫరా వోల్టేజి చాలినంత వరకు సంకేతాన్ని మార్చదు. అయితే తడిసిన టెర్మినళ్ళ మధ్య ప్రవాహం లీకైతే, పంపిన 12 మిల్లీ ఆంపియర్లలో కొంత భాగమే పొజిషనర్‌కు చేరుతుంది. గేటు తక్కువగా తెరుచుకుంటుంది. దీనిని శూన్యం మార్చి సరిచేయడం తప్పు. ఎండాకాలంలో తేమ ఆరగానే దోషం ఎదురు దిశలో కనబడుతుంది. నియంత్రణ గదిలోను, యాక్చువేటర్ వద్దను ప్రవాహాన్ని కొలిచి పోలిస్తే లీకు బయటపడుతుంది. సంకేత తీగపై ఉండే లోహపు కవచాన్ని ఒక కొనలోనే భూమికి కలపడం, మోటారు తీగలకు దూరంగా వేయడం, పిడుగుల నుండి రక్షణ పరికరం అమర్చడం కూడా అవసరం.

పరిమితులు

సంవేదకం కొలిచేది గేర్ పెట్టె ఇరుసును మాత్రమే, గేటును కాదు. వాటి మధ్యనున్న మర, గొలుసు లేదా తాడు తెగితే సంకేతాలు రెండూ సరిగానే ఉండి గేటు మాత్రం వేరే చోట ఉంటుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. అదే సంవత్సరం సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు రాగా, కొట్టుకువచ్చిన పడవలు తగిలి గేట్ల ప్రతిభారాలు దెబ్బతిన్నాయి. ఇవి సంకేత దోషాలు కావు. గేటును నేరుగా చూసి, కొలవవలసిన అవసరాన్ని ఇవి గుర్తుచేస్తాయి.

ఇదే కారణంగా లోపలికి వచ్చే సంకేతాన్ని, తిరుగు సంకేతాన్ని ఒకదానితో ఒకటి పోల్చి సరిచేయకూడదు. రెండింటిలోనూ ఒకే తప్పు ఉంటే నియంత్రణ గదిలో అంతా సవ్యంగానే కనబడుతుంది. రెండింటినీ గేటు వాస్తవ ఎత్తుతో పోల్చాలి. నీరు వదిలిన తరువాత దిగువ గేజి పలకపై మట్టాన్ని సరిచూడటం చివరి పరీక్ష.

ప్రమాణాలు, నమోదు

భారతదేశంలో విద్యుత్ మోటారుతో నడిచే యాక్చువేటర్లకు ఐఎస్ 9334 ప్రమాణం ఉంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 15714-2 పని తీరును బట్టి వీటిని ఎ, బి, సి, డి అనే నాలుగు తరగతులుగా విభజించింది. ఎ తరగతి తెరవడానికి, మూయడానికి మాత్రమే. బి తరగతి అప్పుడప్పుడు మధ్య స్థానాలకు జరపడానికి. సి తరగతి తరచుగా సర్దుబాటు చేయడానికి. డి తరగతి నిరంతర సర్దుబాటుకు ఉద్దేశించినవి. ఎ తరగతి యంత్రానికి నిరంతర సంకేతం ఇచ్చి నడిపితే, క్రమాంకనం ఎంత బాగా చేసినా మోటారు త్వరగా పాడవుతుంది. వాల్వుకు బిగించే అంచుల కొలతలకు ఐఎస్ఓ 5210, ఐఎస్ఓ 5211 ప్రమాణాలు ఉన్నాయి.

వాడిన కాలిబ్రేటర్‌ను కూడా నియమిత కాలానికొకసారి పరీక్షింపజేయాలి. భారతదేశంలో ఇటువంటి ప్రయోగశాలలకు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఇస్తుంది. విద్యుత్ కొలతల జాతీయ ప్రమాణాలను న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహిస్తుంది.

క్రమాంకన పత్రంలో తేదీ, యాక్చువేటర్ వరుస సంఖ్య, కాలిబ్రేటర్ సంఖ్య, సరిచేయక ముందు కొలతలు, సరిచేసిన తరువాత కొలతలు రాయాలి. సరిచేయక ముందు కొలతలు రాయకపోతే, గత క్రమాంకనం నుండి గేటు ఎంత తప్పుగా నడిచిందో తెలుసుకునే మార్గం ఉండదు. వాటిని ఏటా పోల్చి చూస్తే మరల అరుగుదల, సంవేదకం జారుదల ముందుగానే తెలుస్తాయి.

ఇవి కూడా చూడండి

* ప్రకాశం బ్యారేజి
* కృష్ణా నది
* తెనాలి
* బాపట్ల
* రేపల్లె
* పట్టిసీమ ఎత్తిపోతల పథకం
* ఇండక్షన్ మోటారు